దూరదృష్టి యనగానేమి?

నార్సింగి ప్రాంతమున ముందుగా స్థలము కొన్నవానిని దూరదృష్టి గలవాడని గృహస్థులు మెచ్చుకొనుచున్నారు. ఈ ప్రయోగము తగదని మేము చెప్పుచున్నాము. రేపటి ధర నూహించుట లెక్క యగును గాని దూరదృష్టి కానేరదు.

పంచతంత్రమున రాబోవు కీడు నెఱిగి, తోడిచేపలను హెచ్చరించి, మడుగు విడిచిన చేపకు అనాగతవిధాత యని పేరు. అందు ‘విధాత’ శబ్దమే ప్రాణము. రానున్నదానిని జూచుట చాలదు. తగిన విధానము ముందే చేయవలెను, తోడివారి కొఱకును చేయవలెను.

1908 సెప్టెంబరు మూసీవఱదలో వేలకొలది జనులు మడిసిరి. పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సూచనపై నార్సింగికి ఎగువను గండిపేట జలాశయము కట్టబడి 1920లో పూర్తియయ్యెను. అది వఱద నాపుటయే గాక నగరమునకు త్రాగునీ రిచ్చెను. దూరదృష్టి యన నిదియే. గండిపేట, హిమాయత్‌సాగరముల రక్షణకై 1996 నాటి 111వ ఉత్తరువు 84 గ్రామములలో కట్టడములకు హద్దు విధించెను. 2022 నాటి 69వ ఉత్తరువు ఆ నిర్బంధములను సడలించెను. ఆ సడలింపులో లాభమునే చూచినవానికి ఈ బిరుద మెట్లు చెల్లును?

చదువరులారా! బిడ్డలకు స్థలము మిగిల్చి నీరు మిగుల్పనివానిని లెక్కలు నేర్చినవాడని పిలువుడు. దీర్ఘదర్శి యని మాత్ర మనకుడు.