ఎవరిక్కావాలండీ మీ జాలి?

పక్కన కూర్చున్నవాడి కాలు వంకరైతే పిల్లలకేం పట్టిందండీ! పెన్సిలడిగితే ఇస్తాడా, ఆటలో తొండి చేస్తాడా - వాళ్ళ లెక్కలవీ. ఆ లెక్కలు చెరిపి కొత్తవి రాయించేది మనమే.

"వాడి పక్కన కూర్చుంటే నీ చదువు వెనకబడుతుంది" అంటుందొక తల్లి. "పాపం, వాణ్ణి ఆటల్లోకి లాగకురా, పడిపోతాడు" అంటుంది ఇంకో తల్లి. మొదటావిడది కాఠిన్యం, రెండో ఆవిడది కరుణ అనుకుంటాం. కానీ ఇద్దరి మాటలకీ ఫలితం ఒక్కటే. ఆటల పీరియడులో ఆ బిడ్డ గోడకానుకుని ఒంటరిగా నిలబడతాడు.

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందరితోపాటు ఒకే బడిలో చదువుకోనివ్వమంది. బాగానే ఉంది. బెంచీమీద కాస్త జరిగి చోటివ్వమని పిల్లలకి చెప్పాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళే కదా!

మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకి చూపు లేదని, పదోతరగతి తర్వాత సైన్సు చదవనివ్వలేదు. కోర్టుకెళ్ళి సాధించుకున్నాడు. తర్వాత అమెరికాలో ఎమ్.ఐ.టి.లో చదివాడు. ఆయన కథమీద 2024లో హిందీ సినిమా వస్తే చూసి చప్పట్లు కొట్టాం. సంతోషమే. అయితే బడిలో చోటు దొరకడానికి ప్రతి బిడ్డా శ్రీకాంత్ కావాలా? మీ అబ్బాయిలాగే హాయిగా నలభై మార్కులు తెచ్చుకునే హక్కు వాడికి లేదూ?

అందుకే, సాయంత్రం మీవాడు బడినించి రాగానే "ఆ అబ్బాయికి సాయం చేశావా?" అని అడక్కండి. "ఇవాళ వాడూ నువ్వూ దేనికి పోట్లాడుకున్నారు?" అని అడగండి. స్నేహితులు చేసే పని అదే కదా!