ధైర్యం చెప్పడం వేరు, తోడుండడం వేరు

ఇంటర్ పరీక్షలు దగ్గరపడితే చాలు, కాలేజీల్లో మోటివేషన్ క్లాసులు మొదలవుతాయి. గుండె దడగా ఉంది, నిద్ర పట్టడం లేదు అని చెప్పుకున్న పిల్లలకు దొరికే జవాబు ఒక్కటే: “నెగెటివ్‌గా ఆలోచించకు. గెలుస్తానని రోజూ అనుకో.” 1952లో అమెరికన్ మతబోధకుడు నార్మన్ విన్సెంట్ పీల్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారమైన ఈ సూత్రం నేడు మన ఇళ్లలోనూ పెద్దల మాటైంది. మేలు చేయకపోయినా కీడు చేయదులే అని దీన్ని అందరూ సమర్థిస్తారు. ఆ సమర్థన నిలవదు.

మందు మింగేటప్పుడు కోతిని తలచుకోకూడదన్న షరతు ఏమవుతుందో మనకు తెలిసిందే. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటితో అదే నిరూపించాడు: తలచుకోవద్దన్న కొద్దీ అదే మనసులోకి వచ్చింది. 2009లో కెనడాకు చెందిన జోఆన్ వుడ్ బృందం మరో సంగతి తేల్చింది. తమపై తమకు నమ్మకం తక్కువున్నవారు తమను మెచ్చుకునే వాక్యాన్ని పదేపదే అనుకుంటే ఊరట రాకపోగా మనసు ఇంకా కుంగింది. అంటే ఈ సలహా ఎవరికి ఎక్కువ అవసరమని ఇస్తున్నామో, వారికే ఎదురుతిరుగుతోంది.

మానసిక చికిత్స కూడా ఆలోచనలను మార్చేదే కదా అని వాదించవచ్చు. కానీ 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతి చెడు తలపు స్థానంలో మంచి తలపు పెట్టమనదు. “ఫెయిలైతే అంతా అయిపోయినట్టే” అన్న భయానికి ఆధారమేమిటో విచారించమంటుంది, తప్పించుకు తిరుగుతున్నదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోమంటుంది. అది విచారణ, ఇది జపం.

అయినవాళ్ల అండ మాటేమిటంటే, దాన్ని కాదనేవారెవరు? 2006లో జేమ్స్ కోన్ చేసిన పరిశోధనలో కరెంటు షాక్ తగలబోతుందని తెలిసిన మహిళలు భర్త చేయి పట్టుకోగానే మెదడులో ప్రమాద స్పందన తగ్గింది. అక్కడ ఉపన్యాసం లేదు, తోడు మాత్రమే ఉంది. మన సలహా ఆ తోడునే తుంచేస్తుంది: పాజిటివ్‌గా ఉండమని ఒకసారి అనిపించుకున్న పిల్లవాడు మళ్లీ నోరు విప్పడు.

పైగా ఎన్నో భయాలకు బయట కారణాలుంటాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే చెప్పింది. అలాంటి వ్యవస్థను సరిచేయకుండా పిల్లల ఆలోచనను సరిచేయబూనడం నేరాన్ని బాధితుల నెత్తిన రుద్దడమే.

అందరికీ డాక్టరు దొరకరు, ఉచితంగా దొరికేది మంచి మాటే కదా అన్నది చివరి వాదం. చికిత్స కొరత నిజమే. కానీ 2022లో కేంద్రం ప్రారంభించిన మానసిక సహాయ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు కూడా ఉచితమే, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరును ప్రతి కాలేజీ గోడ మీద రాయండి. ఇంట్లో మాత్రం ముందు పిల్లలు చెప్పేది పూర్తిగా వినండి, సలహా సంగతి తర్వాత చూడవచ్చు.