ఏనుగులకు బాట కల్పింపుడు

చదరంగాభిమానులకు, విశేషించి బాలురకు ఈ ఆట నేర్పు ఉపాధ్యాయులకు విన్నపము.

మన క్రీడాశాలలలో అభ్యసించు బాలురు ప్రారంభపు ఎత్తులను పదునైదు, ఇరువది వరకు కంఠస్థము చేసి, మంత్రిని తొందరపడి ముందుకు దుమికించి, గుర్రములతో గంతులు వేయించి, తుదకు ఓడిపోవు వేళకును తమ రెండు ఏనుగులు మూలలు విడువకయే యున్నవని గమనింపరు. ఖాళీ పలకపై ఏ గడిలో నిలిపినను 14 గడులను ఏలగల ఏనుగునకు ఆట ఆరంభమున ఒక్క ఎత్తైనను లేదు. దాని బలమును వెలికి తెచ్చునది ఉభయపక్షముల బంటులును తొలగిన నిలువు వరుస.

అట్టి వరుసను ఆక్రమించుట గమ్యము కాదనియు, దాని వెంట ప్రత్యర్థి ఇంటిలోనికి, అనగా ఏడవ, ఎనిమిదవ అడ్డవరుసలకు ప్రవేశించుటయే గమ్యమనియు 1925లో వెలువడనారంభించిన ‘నా పద్ధతి’ అను గ్రంథమున శాస్త్రీయముగా బోధించినవాడు రీగా నగరమున జన్మించిన ఆరన్ నిమ్జోవిచ్. అయిదేండ్లకు, 1930లో, ఇటలీలోని శాన్ రెమో పోటీలో జగజ్జేతయగు అలెఖిన్ ఆ సిద్ధాంతమును సిద్ధాంతకర్తపైననే ప్రయోగించెను. తెరపియైన ‘సి’ వరుసలో ఏనుగులను ఒకదాని వెనుక నొకటి నిలిపి, 26వ ఎత్తున మంత్రిని వానికిని వెనుకగా, తన మొదటి అడ్డవరుసకు మరలించెను. (మన బాలుడెవడైన ఇట్లు చేసినచో పిరికితనమని మందలింతుమేమో!) ఆ ఒక్క వరుసను కాచుటకై నల్లపావులు ఒండొంటిని అంటిపెట్టుకొని స్తంభించిపోయెను, మిగిలిన కొలది బంటు ఎత్తులు ముగిసినంతనే ఏది కదల్చినను నష్టమే యగునని యెఱిగి, ఒక్క ఏనుగైనను పలక విడువక మునుపే, 30వ ఎత్తున నిమ్జోవిచ్ ఓటమి నంగీకరించెను.

కావున వారమునకొక సాయంకాలము వల్లెవేత మాని, రాజులు, ఏనుగులు, బంటులు మాత్రమే గల స్థితులను పేర్చి ఆడింపవలయునని మా కోరిక. ఏ బంటును మార్చినచో ఏ వరుస తెరచుకొనును, రెండు ఏనుగులలో ఏది అచటికి రావలయును అను ప్రశ్నలకు బాలుడు పావును ముట్టకమునుపే నోట సమాధానము చెప్పవలయును.

ప్రత్యర్థియు తన ఏనుగులను ఎదురు నిలుపగా అన్నియు మారిపోయి ఆట చప్పబడునని కొందరందురు. నిజమే, ప్రవేశింపదగిన గడి లేని వరుసను పట్టుకొని వ్రేలాడుట వ్యర్థము. ఆ వివేకమును అలవరచునదియు ఈ అభ్యాసమే గాని, కంఠస్థమైన ఎత్తులు కావు.

తొలి పాఠముగా ఆ శాన్ రెమో ఆటనే 20వ ఎత్తు నుండి పేర్చుడు. నల్లపావులను బాలురకిచ్చి, రక్షణోపాయమును వారినే వెదకుకొననిండు.