సంబంధము చూచువేళ అడుగని ప్రశ్న

బాలసారె నాడు ఊయల చుట్టు చేరిన ముత్తైదువలు శిశువు ముఖమును పరికించి, ముక్కు తాతగారిదనియు, నుదురు మేనమామదనియు, పిడికిలి బిగించుటలోని పట్టుదల నాయనమ్మదనియు తీర్పు చెప్పుట మన ఇండ్లలో ప్రతి తరమునను జరుగుచున్నదే. ఈ పోలికలు ఏ దారిని వచ్చుచున్నవో మన పెద్దలు ఊహించిరి గాని పరీక్షించి చూచుటకు వారికి సాధనము లేదు. బఠాణీ మొక్కలను ఏండ్ల తరబడి పెంచి లెక్కించిన మెండెల్, తల్లి నుండి ఒకటియు తండ్రి నుండి ఒకటియు వచ్చు జంట కారకములు (నేటి మాటలో జన్యువులు) లక్షణములను నిర్ణయించుననియు, వానిలో ఒకటి రెండవదాని చాటున అణగియుండి, తరములు గడచిన పిదప మరల తలయెత్తగలదనియు 1866లో ప్రకటించెను. ఆ అణగియుండు కారకమును గూర్చియే తెలుగు కుటుంబములకు ఒక మాట విన్నవింపదలచితిని.

కంటిచూపుతో వంశలక్షణమును నిర్ణయించుట ఎంత కష్టమో మన తెలుగువారొకరి పరిశోధనయే తెలుపుచున్నది. పిఠాపురమున జన్మించి, కలకత్తాలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యులైన ద్రోణంరాజు కృష్ణారావుగారు, చెవి అంచున దట్టముగా వెండ్రుకలు మొలుచు లక్షణము తండ్రి నుండి కుమారునకే సంక్రమించుచున్నదనియు, దాని కారకము పురుషులకు మాత్రమే గల వై క్రోమోజోముపై నున్నదనియు 1960లో వంశవృక్షముల సాక్ష్యముతో ప్రతిపాదించిరి. 2004లో దక్షిణ భారతమునందు అట్టి చెవులు గల పురుషుల వై క్రోమోజోములను పరీక్షింపగా, అవి తక్కినవారి వానికంటె భిన్నముగా లేవని తేలినది. ఇందు కృష్ణారావుగారి దీక్షకు వచ్చిన లోటేమియు లేదు. వంశవృక్షము చూపగలిగినంతవరకు ఆయన చూచిరి.

మన గోత్రమును ఆ వై క్రోమోజోము వలెనే తండ్రి నుండి కుమారునకు దిగును. తల్లి వైపును లెక్కింపదు. అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు విచారించి, సగోత్రమును అగ్నివలె వర్జించు కుటుంబములే, గోత్రము వేరు కదా యను ధైర్యముతో మేనమామ కూతురిని, ఒక్కొక్కచో అక్క కూతురినే, పిల్లవానికి చేయుచున్నవి. ఆస్తి చెదరదు, పిల్ల కన్నులయెదుట నుండును, అత్త పరాయిది కాదు. మేనరికమునకు గల ఈ ఆప్యాయతను నేను చిన్నచూపు చూచుట లేదు. కాని మేనబావమరదళ్లకు పుట్టిన బిడ్డ జన్యువులలో సగటున పదునారింట ఒక పాలును, మేనమామకు మేనకోడలికి పుట్టిన బిడ్డలో ఎనిమిదింట ఒక పాలును, ఒకే పూర్వీకుని నుండి ఇరువైపులను దిగివచ్చిన జంటలై యుండును. తలిదండ్రులిరువురును అట్లు అణగియున్న ఒకే లోపమును తమకు తెలియకయే మోయుచున్నచో, వారికి కలుగు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు ప్రమాదము.

మేనరికము చేసికొననివారు సైతము నిశ్చింతగా నుండుటకు వీలులేదు. కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించి, వందల ఏండ్లుగా తనలో తానే వియ్యమందుచు వచ్చిన కులము నేడు లక్షలలో నున్నను, ఆ పూర్వీకులలో ఒకని యందుండిన లోపము దానిలో విరివిగా పంచబడి యుండును. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధనాసంస్థ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ గారును వారి సహచరులును 2017లో ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాసియా యందలి 263 సమూహములను పరిశీలింపగా, 81 సమూహములు ఇట్టి మిక్కిలి ఇరుకైన మూలము నుండి వచ్చినవని తేలినది. వానిలో పది లక్షలకు మించిన జనము గలవి 14. మన వైశ్యులు ఆ 81లోని వారే.

వైశ్యులలో కొందరికి రక్తమునందు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము ఉండదు. ఇతరులతో పోల్చినచో వీరిలో ఈ లోపము సుమారు 100 రెట్లు అధికము. నిత్యజీవితమున దానివలన వారికే కొరతయు లేదు, ఉన్నట్లైనను తెలియదు. ఆపరేషను బల్లపై మాత్రము అది ప్రాణముమీదికి వచ్చును. గొంతులో గొట్టము దింపుటకు ముందు మత్తు డాక్టరు కండరములు సడలుటకై సక్సినైల్‌కోలిన్ సూది ఇచ్చుట కలదు. సామాన్యముగా ఈ ఎంజైము ఆ మందును కొన్ని నిమిషములలో విరిచివేయును, రోగి తనంత తాను ఊపిరి తీసికొనును. ఎంజైము లేనివారిలో మందు ప్రభావము గంటల తరబడి నిలుచును. ఆపరేషను ముగిసినది, కుట్లు వేసినారు, బయట బంధువులు వేచియున్నారు. లోపల రోగి రొమ్ము కదలదు, కనురెప్ప లేవదు, డాక్టరు రబ్బరు సంచిని చేత నొక్కుచు ఊపిరి పోయుచుండును. మందు దిగువరకు శ్వాసయంత్రము అండగా నిలిచినచో రోగి క్షేమముగా లేచును. చిన్న ఊరి నర్సింగుహోములో ఆ యంత్రము లేనిచో ఏమగునో తలచుటకే భయమగును.

పశువుల విషయమున మనము ఇంతకంటె మెలకువతో నున్నాము. 1952లో అమెరికాలో పుట్టిన ఒస్బోర్న్‌డేల్ ఐవన్‌హో అను హోల్‌స్టీన్ ఆబోతు సంతతి పాడికి పేరుపొందుటచే, ఆ వంశపు వీర్యము గడ్డకట్టించబడి దేశదేశములకు పోయినది. దానితోకూడ ఒక గుప్తలోపమును పోయినది. ఆ లోపము ఇరువైపుల నుండి సంక్రమించిన దూడలలో తెల్లరక్తకణములు రక్తనాళమును దాటి, చీము పట్టిన చోటికి చేరలేవు. చిగుళ్లు పుండ్లుపడి, పారుడు రోగముతోను ఊపిరితిత్తుల జబ్బుతోను అవి పసితనముననే చచ్చును. 1992లో ఆ జన్యువు బయటపడినది. నేడు మన దేశమునందును హోల్‌స్టీన్ ఆబోతులను, వాని సంకరములను ఈ లోపమునకై పరీక్షించిన పిదపనే వీర్యము సేకరింపవలెనను నియమము కలదు. తన ఆవుకు సూది వేయించు రైతు ఈ నియమమును ఎరుగడు, అయినను దాని రక్షణ పొందుచున్నాడు. అదే రైతు తన కుమార్తెకు సంబంధము చూచునపుడు ఆ పాటి హెచ్చరిక చేయువారు లేరు.

మనుష్యులను ఆబోతుల వలె ఏరివేయుమని నేననుట లేదు. అట్టి ఆలోచన గత శతాబ్దమున ఎంతటి ఘోరములకు దారితీసినదో మరవరాదు. నేను కోరునది న్యూయార్కు యూదులు చేసికొన్న ఏర్పాటు వంటిది. టే-సాక్స్ అను వంశపారంపర్య వ్యాధిచే నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టైన్ 1983లో నెలకొల్పిన సంస్థ, పెండ్లీడు పిల్లల రక్తమును పరీక్షించి, పేరునకు బదులు ఒక సంఖ్య ఇచ్చును. సంబంధము కుదురుటకు ముందు ఇరువురి సంఖ్యలను తెలిపినచో, ఇద్దరును ఒకే లోపమును మోయువారైనపుడు మాత్రమే హెచ్చరించును. ఎవరింట ఏమున్నదో ఊరికి తెలియదు, పిల్లకు పేరు పడదు. సత్రములను కల్యాణమండపములను నడుపు మన కులసంఘములు, జాతకములు ఇచ్చిపుచ్చుకొను వేళకే తలసేమియా, సికిల్‌సెల్ పరీక్షలను ఇదే మర్యాదతో జరిపింపగలవు. వైశ్యులలోని ఒక లోపమును ఎరిగితిమి. తక్కిన 80 సమూహములలో ఏమేమి దాగియున్నవో వెదుకుట మిగిలియే యున్నది.

ఇక ఆపరేషను మాట. మీ ఇంట ఎవరికైనను మత్తు ఇచ్చిన పిదప ఊపిరి ఆలస్యముగా వచ్చినదా యని ప్రతి ఆసుపత్రియు అడుగవలెను; అనుమానము కలిగినచో ఎంజైమును పరీక్షించి, వేరొక మందు వాడవలెను. దానికి వలయునది కొద్దిపాటి రక్తము. పురుగుమందు త్రాగినవారిని తెచ్చినపుడు మన పెద్దాసుపత్రులలో చేయించు కోలినెస్టరేజ్ పరీక్షయే అది.