చాట దగ్గరే మొదటి బడి



గతవారం గృహదర్శనాలకు వెళ్లినప్పుడు ఒక ఇంట్లో మూడేళ్లు నిండబోతున్న బాబు ఫోను చూస్తూ అన్నం తింటున్నాడు. ముద్ద దగ్గరికి వస్తే నోరు తెరుస్తున్నాడు గానీ తల్లి ముఖం వైపు ఒక్కసారీ చూడలేదు. “వీడికింకా సరిగా మాటలు రాలేదు అయ్యగారూ. ఎల్‌కేజీలో వేస్తే వచ్చేస్తాయి కదా? నాకు చదువు లేదు, నేనేం నేర్పగలను?” అంది ఆ తల్లి.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ప్రసంగం సిద్ధపరచుకునేటప్పుడు అల్లరి చేయకుండా ఉంటుందని మా చిన్నపాప చేతికి ఫోను ఇచ్చిన రోజులు మాకూ ఉన్నాయి. కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

బిడ్డకు మాటలు నేర్పడానికి తల్లికి చదువు అక్కరలేదని మా నమ్మకం. చాట ముందు కూర్చున్నప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. “ఇదిగో రాయి, ఇది మట్టిబెడ్డ, ఇది వడ్లగింజ. ఊక ఎలా ఎగిరిపోయిందో చూడు” అనండి. నీళ్లు పోసేటప్పుడు మోచెయ్యి, మోకాలు, మడమ. వేడి, గోరువెచ్చన, చల్లన. బట్టలు మడతపెట్టేటప్పుడు “ఇది నాన్న చొక్కా, ఇది ఎవరిది?” ఇన్ని మాటలు ఏ పలక మీద దొరుకుతాయి?

అడిగాక కాసేపు ఆగండి. జవాబు వెతుక్కోవడానికి బిడ్డకు సమయం కావాలి. “పాలు” అంటే “వేడి పాలు కావాలా? చల్లార్చి ఇస్తా” అని ఒకటి రెండు మాటలు కలపండి. తప్పు పలికితే నవ్వకండి, మీరు సరిగా పలికి వినిపించండి. తెలుగైనా, లంబాడీ అయినా, కోయ అయినా మీ నోటికి బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి.

ఫోను ఎంతసేపైనా మాట్లాడుతుంది, బిడ్డ అడిగినదానికి మాత్రం జవాబు చెప్పదు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీను వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

“పొద్దున్నే కూలికి పోవాలి, తీరికెక్కడ?” అంటారు. మేము వేరే సమయం అడగడం లేదు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో మోషే కూడా పిల్లలకు నేర్పడానికి వేరే గంట పెట్టమనలేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమన్నాడు.

ఒక హెచ్చరిక. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోతే, పిలిచినా తిరిగి చూడకపోతే, “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి” అని ఊరుకోకండి. అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి, డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. ఆ తల్లికీ ఇదే చెప్పాము. ప్రార్థన చేద్దాం, ఆసుపత్రికీ వెళ్దాం.

ఈ రాత్రి అన్నం దగ్గర ఫోను పక్కన పెట్టండి. మొదటి రోజు బిడ్డ ఏడుస్తుంది. మా ఇంట్లోనూ ఏడ్చింది. మూడోరోజు పప్పులో వేలు ముంచి “ఇదేంటి?” అని అడిగింది.

ప్రభువు మీ ఇంటిని, మీ బిడ్డల నోటి మాటలను దీవించును గాక.