వీసాన్ని వెళ్లగొట్టి బైనరీని బట్టీ పట్టిస్తారా?

బత్తలపల్లిలోనో ధర్మవరంలోనో కంప్యూటర్ చదువు చదివే పిల్లవాణ్ణి పదమూడును బైనరీలో రాయమనండి. రెండుతో భాగించి, శేషాలు పక్కన పెట్టి, కింది నుంచి పైకి చదివి 1101 అని చకచకా రాసేస్తాడు. కింది నుంచే ఎందుకు చదివావురా అంటే బిక్కమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు, బట్టీ కొట్టించిన మనది. వాళ్ల అవ్వ నోట్లో ఆడిన లెక్కను మోటుదని వెళ్లగొట్టాం. ఇప్పుడు అదే లెక్కను పరాయి సరుకులా ఫీజులు గుంజి అమ్ముతున్నాం.

రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. ఒకటిని విరిచినా అంతే: అర, కాలు, పరక, వీసం. గింజల కొలతా అదే దారి: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. రాశిని కంటి అంచనాతో రెండు సమపాళ్లు చేయొచ్చు, పది పాళ్లు చేయడం ఎవరి తరం? ఈ భిన్నాలను మనవాళ్లు నాలుగు ఆధారంగా రాశారు. కాలుకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముక్కాలుకు మూడు. ఒక మెట్టు దిగితే వీసాలు, వాటికి అడ్డగీతలు. ఏమీ లేనిచోట హళ్లి. ఇది స్థానవిలువ కాక మరేమిటి? 2008లో యూనికోడ్ ఈ గీతలకు చోటిచ్చింది. మన గణితం పుస్తకం మాత్రం ఇవ్వలేదు!

యంత్రాన్నే అడగండి. అణా బైనరీలో 0.0001, అంతటితో సరి. పది పైసలు రాయబోతే 0.000110011... ఎంతకీ తెగదు. అందుకే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. పాతదని పారేసిన అణా కంప్యూటర్‌కు నికరంగా తెలుసు. 1957 ఏప్రిల్ 1న తెచ్చుకున్న నయాపైసే దానికి కొరుకుడుపడదు.

ధర్మవరం మగ్గం పైకి చూడండి. జకార్డుకు వేలాడే అట్టల్లో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చీర అంచులో నెమలి అలాగే దిగుతుంది. ఉండటం, లేకపోవడం: రెండే అంకెలు. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, గడిగడికీ లెక్క చూసి అట్టకు చిల్లులు కొట్టే మనిషిని ఏ కాలేజీ అయినా పిలిచి పాఠం చెప్పించిందా? కూలివాడని ముద్ర వేసి, ఆ అట్టకు వారసుడైన కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడతాం.

పదే సహజమన్న బడాయి ఇంకొకటి. ఉత్తరాంధ్ర సవరల భాషలో పదమూడంటే పన్నెండు మీద ఒకటి, ముప్పై రెండంటే ఇరవై మీద పన్నెండు. వాళ్లకు లెక్క రాదనగలరా?

నేను సేర్లూ తూములూ మళ్లీ తెమ్మనడం లేదు. ఊరికో తూము ఉన్న రోజుల్లో మునిగింది రైతే. మెట్రిక్ తూకం వచ్చి మేలే చేసింది. మన తాతలకు కంప్యూటర్ తెలుసని కోతలు కోసేవాళ్ల పక్కనా నేను నిలబడను. ఆ తాతలకు తెలిసింది సగం చేయడం. దాన్ని శ్రద్ధగా, తప్పు లేకుండా చేశారు. ఆ తెలివిని వీసమెత్తు కూడా వాడుకోకుండా, ముక్కూమొహం తెలియని సూత్రాలు పిల్లల నెత్తిన రుద్దడం మీదే నా కోపమంతా.

దీనికి కొత్త ల్యాబులు అక్కర్లేదు. అణాను బైనరీలో రాయించండి. తరగతిని ఒక పూట మగ్గాల దగ్గరికి తోలుకుపోండి. ఆ మాత్రం చేతకాని సిలబస్ పెద్దలకు మార్కులు రెండు ఆధారంగా వేసినా, పది ఆధారంగా వేసినా, పదహారు ఆధారంగా వేసినా వచ్చేది సున్నాయే.