నిర్జనం అనే అబద్ధం

ఇల్లు అమ్మి లారీ కొన్నారు. అందులో మంచాలు, పొయ్యి, నీళ్ళ తొట్టి అమర్చారు. నెత్తిన సౌర విద్యుత్ పలకలు బిగించారు. ఇద్దరు పిల్లల్ని బడి మాన్పించి ఎక్కించుకున్నారు. జర్మనీ నుంచో ఫ్రాన్సు నుంచో బయలుదేరి, కజక్ మైదానాల మీదుగా ఉజ్బెకిస్తాన్ ఎడారిలోకీ, అక్కడి నుంచి తజికిస్తాన్‌లోని పామీరు పర్వతాలలోకీ సాగిపోయారు. ఏడాదికో రెండేళ్ళకో తిరిగి వచ్చి పుస్తకం వేశారు, లేదా చిత్రం తీశారు.

ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. నేడు ఇదొక సాహిత్యశాఖ. మన హాస్టళ్ళలో విద్యార్థులు రాత్రి పొద్దుపోయేదాకా ఫోనుల్లో చూసేది దీన్నే. “బతికితే అలా బతకాలి మాస్టారూ!” అని నాతో అన్న కుర్రవాణ్ణి నేను తప్పుపట్టలేదు. చదువు ముగిస్తే ఉద్యోగం దొరుకుతుందనే నమ్మకం లేనివాడికి తెరచిన దారి అందంగా కనపడడంలో వింత లేదు. కాని ఆ దారిని అతనికి చూపిస్తున్నవారు ఏమి చూపి ఏమి దాస్తున్నారో చెప్పవలసిన బాధ్యత మనమీద ఉన్నది.

ఈ రచనల్లో మాటిమాటికీ వచ్చే మాట ఒకటుంది: నిర్జనం. “నాలుగు రోజులు మనిషి జాడ లేదు.” “ప్రపంచపు అంచు.” “కాలం ఆగిపోయిన చోటు.” ఈ మాటలు వట్టి వర్ణనలని మనం వదిలేస్తాము. అవి వర్ణనలు కావు, తీర్పులు. ఒక నేలను ఖాళీ అని పిలవడమంటే అక్కడి మనుషుల్ని లెక్కలోంచి కొట్టివేయడమే.

ఆరాల్ సముద్రపు పూర్వతీరాన మోయ్‌నాక్ పట్టణం ఉన్నది. క్యాంపర్ బండ్లకు అది పేరుబడ్డ మజిలీ. ఇసుకలో తుప్పుపట్టి ఒరిగిన చేపలపడవలు, వాటి వెనక అస్తమించే సూర్యుడు, ముందు మడతకుర్చీలో టీ తాగే కుటుంబం - ఈ బొమ్మ మనకు కంఠతా వచ్చేసింది. 1960లో ఆరాల్ ప్రపంచంలో నాలుగవ పెద్ద సరస్సు. సుమారు 68,000 చదరపు కిలోమీటర్ల నీరు. దానిలోకి వచ్చే అము దర్యా, సిర్ దర్యా నదుల్ని పత్తిచేలకు మళ్ళించారు. సముద్రం మోయ్‌నాక్‌కు నూరు కిలోమీటర్లకు పైగా వెనక్కు పోయింది. 1980ల తొలినాళ్ళకే చేపలవేట ముగిసింది. అక్కడి డబ్బాల కర్మాగారాన్ని నిలబెట్టడానికి దూర సముద్రాల చేపల్ని రైళ్ళలో తెప్పించారు. ఎండిన అడుగునుంచి లేచే ఉప్పుధూళీ, చేలమందుల అవశేషాలూ జనం ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఇది ప్రకృతి చేసిన ఎడారి కాదు, మనుషులు చేసినది. ఆ పడవలు శిల్పాలు కావు, పని పోయిన జాలరుల పనిముట్లు.

ఇక్కడ మనం కూడా తల వంచుకోవాలి. ఆ నదుల్ని మళ్ళించినది పెట్టుబడిదారుడు కాదు, సోషలిజం పేరిట నడచిన ప్రణాళికా యంత్రాంగం. బీడు ఎడారిని మానవుడు జయించాడని పొగిడిన అభ్యుదయవాదులు తక్కువమంది కారు. వారి వాక్యాల్లోనూ ఆ ఎడారి ఖాళీగానే ఉన్నది. యాత్రికుడు శాంతి కోసం చూసిన శూన్యాన్నే ప్రణాళికాకర్త పత్తి కోసం చూశాడు. ఇద్దరికీ కనపడనివాడు ఒక్కడే, ఆ ఒడ్డున వల వేసే మనిషి. తరవాత వచ్చిన స్వతంత్ర ఉజ్బెకిస్తాన్ పత్తిని వదిలిపెట్టలేదు. ఏటేటా విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ తరగతిగదులనుంచి తోలుకుపోయి పత్తి ఏరించింది. 2021 పంటలో వ్యవస్థీకృత నిర్బంధశ్రమ లేదని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పేవరకు ఆ మచ్చ పోలేదు. ఉపాధ్యాయులారా, విద్యార్థులారా! ఆ ఎడారిలో వంగిన నడుములు మన తోటివారివి. సూర్యాస్తమయపు బొమ్మలో అవి ఎక్కడ?

ఇక అము దర్యా వెంట పైకి పోదాం. పైన దాని పేరు పంజ్. అది తజికిస్తాన్‌కూ అఫ్గానిస్తాన్‌కూ సరిహద్దు. 1895లో బ్రిటిష్, రష్యన్ సామ్రాజ్యాలు పామీర్లలో తమ హద్దులు తేల్చుకున్నాయి. ఒకే భాష మాట్లాడే పల్లెలు ఆ ఒడ్డున కొన్ని, ఈ ఒడ్డున కొన్ని మిగిలాయి. క్యాంపర్ బండి ఈ ఒడ్డున ఆగుతుంది. ఆవలి ఒడ్డున గాడిదను తోలుకుపోయే పిల్లవాడికి మన పిల్లలు చెయ్యి ఊపుతారు. “ఎంత నిరాడంబర జీవితం!” అని తల్లి రాసుకుంటుంది.

ఆ బండి నడిచే దారి ఆకాశంనుంచి ఊడిపడలేదు. ఓష్ నుంచి ఖోరోగ్ వరకు పామీరు రహదారిని 1931-34 మధ్య వేశారు. అది 4,655 మీటర్ల ఎత్తున ఆక్‌బైతాల్ కనుమ దాటుతుంది. ఊపిరాడని ఆ ఎత్తున రాయి కొట్టినవారి పేర్లు ఏ యాత్రాగ్రంథమూ అడగదు. ఆ దారిన ఒకప్పుడు బొగ్గు వచ్చేది, పిండి వచ్చేది. 1991లో సోవియట్ యూనియన్ కూలాక అవి ఆగిపోయాయి. 1992 నుంచి 1997 వరకు అంతర్యుద్ధం నడిచింది. ముర్గాబ్ ప్రాంతపు జనం పొయ్యిలోకి బొగ్గు లేక, టెరెస్కెన్ అనే ఎడారిపొదను వేళ్ళతో పెరికి కాల్చుకున్నారు. పశువులకు మేత అదే, పొయ్యికి కట్టె అదే. ఒకసారి పెరికితే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. గోడవారన పేర్చిన ఆ కట్టెల్ని యాత్రికుడు ముచ్చటగా ఫోటో తీసుకుంటాడు. ఆకలికి పురాతన సంప్రదాయమని పేరు పెడతాడు. 2022 మేలో ఆ పామీరు ప్రాంతంలోనే నిరసనల్ని ప్రభుత్వ బలగాలు కాల్పులతో అణచినప్పుడు, ఇరవైమందికి పైగా చనిపోయారు. యాత్రికుల సమాచారంలో ఆ వార్త “దారి మూసివేత”గా చేరింది!

ఆ దారినే మరొక ప్రయాణం కూడా సాగుతున్నది. పామీరు యువకుడు పంచుకున్న టాక్సీలో ఇరుక్కుని దుషాన్‌బే చేరి, అక్కడి నుంచి మాస్కోలో ఇటుకలు మోయడానికి పోతాడు. అతడు పంపే డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. 2024 మార్చిలో మాస్కో సంగీతమందిరంపై హంతకదాడి జరిగింది. పట్టుబడినవారు తజిక్‌లు కావడంతో, ఏ పాపమూ ఎరగని వేలమంది తజిక్ కూలీలు తనిఖీలకూ బహిష్కరణలకూ గురయ్యారు. ఐరోపా పౌరులు చాలామందికి మధ్య ఆసియా దేశాలు చాలావాటిలో వీసా అక్కరలేదు. తజిక్ కూలీ ఐరోపా చూడాలంటే వీసా కావాలి, బ్యాంకు లెక్కలు కావాలి, తిరిగి వెళ్ళిపోతాడనే రుజువు కావాలి. ఒకరు దారిని తమ ఇష్టంకొద్దీ పట్టారు, రెండోవారిని దారి పట్టించారు. ఒకే రోడ్డుమీద ఎదురైన ఈ ఇద్దరిలో మొదటివారి కథకే “స్వేచ్ఛ” అని పేరెందుకు?

మిత్రులు కొందరంటారు: “పాపం, ఆ కుటుంబం ఎవరికి ఏ అపకారం చేసింది? పిల్లలు ప్రపంచం చూశారు. పరాయివారి ఇళ్ళలో రొట్టె తిన్నారు. జాతిద్వేషం లేకుండా పెరుగుతారు గదా!” ఈ మాటలో నిజం లేకపోలేదు. విమానంలో దిగి హోటలులో పడుకునేవాడికంటే, బురదలో చక్రం దిగబడి పల్లెవాళ్ళ సాయం అడిగినవాడికి ఎక్కువే తెలుస్తుంది. ప్రయాణం విలాసం, కనుక త్యాజ్యం అనే మొండి వాదం నాకు సమ్మతం కాదు. కొండలు చూడాలనే కోరిక ఏ వర్గం సొత్తూ కాదు. నా ఫిర్యాదు ప్రయాణంమీద కాదు, కథనంమీద. చక్రాన్ని బురదలోంచి లాగినవాడు ఒక వాక్యంలో చిరునవ్వుగా మిగులుతున్నాడే, అతని కూలి ఎంత, అతని కొడుకు ఎక్కడున్నాడు, అతని చేనుకు నీళ్ళెందుకు రావు అని రచయిత ఎందుకు అడగడు?

ఇది పరాయివాళ్ళ జబ్బని మనం చంకలు గుద్దుకోనక్కరలేదు. లడఖ్‌కు మోటారుసైకిళ్ళమీద పోయే మన తెలుగు యువకులు కనుమకనుమకూ జెండా పట్టుకుని ఫోటో తీయించుకుంటారు. ఆ దారుల పక్కన తారు మరిగించి, రాళ్ళు పేర్చే కూలీలు చాలామంది జార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతపు సంతాలులు. 2020 మేలో లాక్‌డౌన్‌లో చిక్కుకున్న అటువంటి కూలీలు అరవైమందిని లేహ్ నుంచి విమానంలో రాంచీకి చేర్చినప్పుడు, ఆ కొండల్లో మనుషులున్నారని దేశానికి ఒక్కరోజు తెలిసింది. మర్నాటికి మళ్ళీ కొండలు నిర్జనమయ్యాయి.

కనుక ఆ కుర్రవాడికి నేను చెప్పినది ఇదే: వెళ్ళు. వీలయితే తప్పక వెళ్ళు. వెళ్ళినచోట రోడ్డు వేసినది ఎవరో అడుగు. నీరు ఎటుపోయిందో అడుగు. పొయ్యిలో ఏమి కాలుతున్నదో చూడు. తిరిగి వచ్చి రాసేటప్పుడు “అక్కడ ఎవరూ లేరు” అనే వాక్యం కలంలోకి వస్తే, అది నీవు చూసినదో, చూడకుండా వదిలేసినదో తేల్చుకున్న తరవాతనే కాగితంమీద పెట్టు.